సర్పి నాది, నింద పిల్లిది

పొక్కులు నా నడుము చుట్టూ రెండు చుట్లు తిరిగి వీపు మీద పడగ విప్పాయని అమీర్‌పేటలో సగం మందికి చెప్పాను. నిజానికి కుడి పక్కటెముకల కింద అరచేతి వెడల్పు పట్టీ, అంతే. సగం మందికి కూడా కాదు, మైత్రీవనం వెనక సందులో మేం రోజూ చాయ్ తాగే హోటల్లో ఒక్క బల్లకు చెప్పాను. మంట మాత్రం నిజం. చొక్కా తగిలినా కాగిన నూనె చిలకరించినట్టు ఉండేది.

చర్మం డాక్టరు చూసి, "సర్పి. హెర్పిస్ జోస్టర్," అని మాత్రలు రాసి తర్వాతి వాళ్ళను పిలిచాడు. ఆ మాట వినగానే నాకు మా పిల్లి గుర్తొచ్చింది. పై ఫ్లాట్లో టైల్స్ పగలగొట్టే మిషను మొదలైన దగ్గర్నుంచి దానికి కళ్ళు పుసికట్టి, ముక్కు కారి, ఒకటే తుమ్ములు. పంజాగుట్టలో జంతువుల డాక్టరమ్మకు చూపిస్తే ఆవిడ అన్న మాట కూడా హెర్పిసే. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కంట్లో చుక్కలు వేసింది నేను. ఇంకేం కావాలి, దొంగ దొరికినట్టే.

చాయ్ బల్ల దగ్గర కథ పెరిగింది.

"పిల్లి మీదికి దుంకి కరిచింది భాయ్. గిసొంటి కేసు దేశంలనే మొదటిదంట," అన్నాను.

నా పక్కన కూర్చునే ముసలి దర్జీ సాసర్లో చాయ్ ఊదుకుంటూ, "పోయినసారి నీ దగ్గు సుత దేశంల మొదటిదే ఉండె గదా," అన్నాడు. "జర దూరం జరుగు. రెండో కేసు నేనైతే కష్టం."

ఇంటికొచ్చి అదే కథ మా ఆవిడకూ చెప్పాను. పెద్ద దురుద్దేశమేమీ లేదు. పిల్లికి నలతగా ఉంటే కోడిమాంసం ఉడకబెట్టి, పోగులు విడదీసి, బతిమాలి తినిపిస్తుంది. నాకు నలతగా ఉంటే బీరకాయ. కాస్త నావైపు కూడా తిరుగుతుందేమోనని ఆశ. ఆవిడ అంతా విని, లేచి, లక్డీకాపూల్‌లో ఉండే వాళ్ళ అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, మా పిల్లిని ఇగ నువ్వే సాదుకో. గీయనకు పడుతలేదు."

తర్వాత అటక మీది బుట్ట దించి, అడుగున తన పాత చీర పరిచింది.

"గట్లెందుకే? మందులేస్తున్నం గదా," అన్నాను కంగారుగా.

"నీ పానం కన్న ఎక్కువనా?" అంది.

ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చే వంకతో ఆపేవాణ్ణి. ఆ పిల్లిని ఆవిడ "బిడ్డా" అని పిలుస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా ఇంట్లో వినిపించే మాటల్లో సగం దానితో ఆడేవే. అది వెళ్ళిపోతే మిగిలేది నేను, నా కథలు. నాకే భయం వేసింది.

"పంపే ముందు ఒక్కసారి డాక్టరమ్మకు చూపిద్దాం," అని ఇద్దర్నీ ఆటో ఎక్కించాను. కానీ దారంతా ఒకటే అనుమానం. డాక్టరమ్మ కూడా ఇది పిల్లి నుంచే వచ్చిందంటే? పదిసార్లు చెప్పేసరికి నా కథ నేనే నమ్మడం మొదలుపెట్టాను.

డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి. నా పొక్కుల సంగతి విని, "పిల్లి కరిచిందా అంకుల్? గీరిందా?" అని అడిగింది.

మా ఆవిడ నావైపు చూసింది.

"లేదమ్మా. తుమ్మింది, గంతే. కరిచిందన్నది నేను కలిపిన," అన్నాను.

"చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా?"

"పోసింది. మా అమ్మ వేపాకుల మీద పండబెట్టింది. తగ్గినంక బల్కంపేట ఎల్లమ్మకు మొక్కు చెల్లించింది."

"తగ్గిందనుకున్నారు గానీ ఆ వైరస్ పోలేదండీ. ఇన్నేళ్ళూ వెన్ను పక్కన నరాల్లో నిద్రపోయింది. ఒంట్లో సత్తువ తగ్గగానే ఆ నరం వెంటే పైకొచ్చింది. మీ సర్పి అదే. పిల్లిదీ ఆ కుటుంబమే గానీ వేరే వైరస్. అది పిల్లుల్లోనే తిరుగుతుంది, మనుషులకు రాదు. దీనికి కూనగా ఉన్నప్పుడే పట్టి ఉంటుంది. మొహం నరాల్లో దాక్కుని, ఆ మిషను మోతకు బెదిరినప్పుడు లేచింది."

ఆ కుటుంబం చాలా పెద్దదట. కోళ్ళకు కాళ్ళు పడిపోయేలా చేసేది ఒకటి, గుర్రాలకు గర్భం పోయేలా చేసేది ఒకటి, ఏనుగు గున్నల ప్రాణం తీసేది ఒకటి. చాలావరకు ఏ జంతువుది ఆ జంతువుకే. కోతులది మాత్రం మనిషికి అంటితే ప్రాణాల మీదికి వస్తుందని, కోతి కరిస్తే ఆలస్యం చేయొద్దని చెప్పింది. మా ఇంట్లో కోతి లేనందుకు సంతోషించాను.

"గట్లయితే మా అక్క తానికి తోలియ్యొద్దా?" అంది మా ఆవిడ మెల్లగా. "ఆమెకు రెండు పిల్లులున్నయి, తోడుంటయనుకున్న."

"అయ్యో, అస్సలు వద్దండీ! వాటికి అంటుకుంటుంది. కొత్తచోట బెదిరితే దీనికి ఇంకా ముదురుతుంది. మీ దగ్గరే ప్రశాంతంగా ఉంచండి." తర్వాత నావైపు తిరిగింది. "జాగ్రత్త పడాల్సింది మీరు అంకుల్. మీ పొక్కుల రసి తగిలితే, ఆటలమ్మ రానివాళ్ళకు అది వస్తుంది. ఎండేదాకా కప్పి ఉంచండి. పసిపిల్లల దగ్గరికీ గర్భిణుల దగ్గరికీ వెళ్ళకండి."

అంత హాయిగా ఎవరి చేతా తిట్టు తినలేదు నేను. మా ఆవిడ బుట్ట మూత అక్కడే తీసేసి, పిల్లిని భుజానికెత్తుకుంది.

తిరుగు ఆటోలో స్పీకర్ పెట్టి అక్కకు ఫోన్ చేసింది. "అక్కా, బిడ్డ రాదు. తప్పంత గీయనదేనంట. దూరం ఉంచాల్సింది సుత గీయననేనంట. తోలియ్యమంటవా?"

"వద్దు తల్లీ," అంది అక్క. "పిల్లయితే తుమ్మి ఊకుంటది. గాయన తుమ్మితే దాని కథ సుత ఇనాలె."

ఆటో డ్రైవరు కూడా నవ్వాడు. మా ఆవిడ నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ఆ తర్వాత అదే కొంగుతో పిల్లి కళ్ళు.