నీళ్ళ భయమున్న రేడియో కాక

పోయిన నెల ఒక సోమవారం పొద్దున చిన్నమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ కాక పోయిండు. నిద్రలనే పోయిండు. ఎవరిదో మిక్సీ ఇప్పి పెట్టిండు, దాని స్క్రూలు అంగి జేబుల ఉన్నయ్. ఆ మిక్సీ ఎవరిదో నీకేమన్న ఎరుకనా?" ఏడ్వాల్నో, మిక్సీ ఎవరిదో యాది చేసుకోవాల్నో తెల్వలే.

కామారెడ్డి స్టేషన్ రోడ్డు పక్క గల్లీల కాకది రేడియోలు బాగుచేసే దుకాణం. గోడకు ఇవతల నాది బ్లౌజులు కుట్టే దుకాణం. ఆయనను కాక, ఆయన ఇంటామెను చిన్నమ్మ అని పిలుస్త గని మాకు చుట్టరికం లేదు. పదకొండేండ్లు ఇద్దరం ఒక్క మీటరు కరెంటు వాడుకున్నం, గదే చుట్టరికం. కరెంటు పోయిందంటే ఇద్దరం ఒక్కసారే బయటికొచ్చి అరుగు మీద కూసునేటోళ్ళం.

ఆయనకు ఒకటే పట్టు. "పని జేస్తున్నట్టు నా కండ్లతోని చూడందే వస్తువు ఇయ్య" అనేటోడు. ఫ్యాన్ బాగుచేస్తే వాళ్ళింటికి పోయి, దాని కింద పది నిమిషాలు పండుకొని లేచొచ్చేటోడు. ఒకసారి పెండ్లోళ్ళ మైకుసెట్టు బాగుచేసి, మంచిగ మోగుతుందా లేదా చూస్తనని భోజనాలయ్యేదాక కదల్లే. అది మైకు కోసం కాదని చిన్నమ్మ ఇప్పటికీ అంటది.

ఆ పట్టే ఆయనను నిజాంసాగర్ నీళ్ళ మీదికి గుంజుకపోయింది.

2011 ఎండాకాలం. ఎల్లారెడ్డి దిక్కునుంచి, నిజాంసాగర్‌ల చేపలు పట్టే ఒకాయన సంచి భుజాన ఏసుకొని వచ్చిండు. ఆయనను నేను అన్న అనే పిలిచేదాన్ని. మస్కట్‌ల ఒక సేటు పడవ మీద తొమ్మిదేండ్లు పనిచేసి వచ్చిండట. వచ్చేటప్పుడు సేటు ఒక ఖరాబైన సామాను చేతుల పెట్టిండు. దాని పేరు డౌన్‌రిగ్గర్. చేపలు లోతుల ఉంటే మామూలు గాలం అంత కిందికి పోదు కదా, అందుకని ఉక్కు తీగకు సీసం గుండు కట్టి, ఆ గుండుకు గాలం దారాన్ని క్లిప్పుతోని పట్టిచ్చి దింపుతరు. పడవ మెల్లగ పోతుంటే ఎర ఆ లోతులనే ఈదుకుంట వస్తది. గుండు మీద జానెడు గొట్టం ఒకటి ఉంటది, దాని పక్కన చిన్న చక్రం. లోతుల నీళ్ళ వేడి ఎంత, ఎర పోయే వేగం ఎంత అని అది పైన పడవల ఉన్న డబ్బాకు చెప్తది.

"అంటే నీళ్ళ రేడియో అన్నట్టు!" అన్నడు కాక. ఆయన కండ్లు గట్ల మెరవంగ నేను మళ్ళ చూడలే.

"ఊర్లె అందరు నవ్వుతుండ్రు కాకా," అన్నడు అన్న. "తొమ్మిదేండ్లు దేశం కాని దేశంల ఉండి ఇనుప ముక్క పట్టుకొచ్చిండు అంటుండ్రు. మా ఇంటామె గూడ నవ్వుతుంది."

"నవ్వనీ తమ్మీ. పదిరోజులాగు."

గొట్టం ఇప్పితే లోపల ఉప్పు పట్టి తీగలు పచ్చగైనయ్. రబ్బరు రింగు పగిలింది. కాక ఇంటికి పోయి కుక్కర్ రింగు కోసి తెచ్చి అతికిచ్చిండు, నీళ్ళు కారినయ్. ఇంకోటి తెచ్చి కోసిండు, మళ్ళ కారినయ్. మూడోసారి బోరు మోటరోళ్ళ దగ్గర దొరికిన రింగు సరిపోయింది. అప్పటికి వాళ్ళింట్ల వారం రోజులుగ ఉడకని పప్పే. ఆ పప్పు డబ్బా తెచ్చి నాకు చూపిచ్చి, "బిడ్డా, ఇది తినేదా, గోలీలాడేదా?" అని చిన్నమ్మ అడిగింది.

తర్వాత గొట్టాన్ని బకెట్ల ముంచి చూసిండు. డబ్బా మీద 88 అని వచ్చింది.

"ఎనభై ఎనిమిది డిగ్రీలా?" చెయ్యి పెట్టి చూసిండు. "కాలుతలేదే! ఎక్కడో తీగ తప్పు కలిపిన." రెండు రోజులు మూడుసార్లు ఇప్పిండు, మూడుసార్లు బిగించిండు. తిండి మీద గూడ మనసు లేదు. ఆఖరికి నేనే చెప్పిన, "కాకా, నా బిడ్డకు జ్వరమొస్తే డాక్టరు నూటొక్కటి, నూటరెండు అంటడు. ఇది గా లెక్కనేమో?"

కాక నా దిక్కు చూసిండు, గొట్టం దిక్కు చూసిండు. దాన్ని తుడిచి చంకల పెట్టుకొని కూసున్నడు. కొంచెం సేపటికి అంకె 98 దగ్గర ఆగింది. "నేను మంచిగనే ఉన్న! ఇది గూడ మంచిగనే ఉన్నది!" అని గల్లీకంత ఇనపడేటట్టు ఒర్లిండు. ఆ వారమంత గల్లీల ఎవలకు ఒళ్ళు వెచ్చబడ్డా కాక దుకాణానికే వచ్చిండ్రు.

గుండు ఎంత లోతుకు పోయిందో చూపే మీటరు మాత్రం పూర్తిగ పాడైంది. దానికి నేను ఉపాయం చెప్పిన. నా టేపుతోని తీగను కొలిచి, మీటరుకొక రంగు దారం గట్టిగ చుట్టి జిగురు పెట్టిన. మూడు మీటర్లకు ఎర్ర దారం, ఐదుకు ఆకుపచ్చ.

అన్న సామాను తీస్కపోదామని వచ్చిండు. కాక ఇయ్యలే. "పని జేస్తున్నట్టు చూడాలె."

"అయితే మా పడవల చూద్దువు రా కాకా."

కాక ముఖం తెల్లబడ్డది. చిన్నప్పుడు బాయిల పడి, మోటరు పైపు పట్టుకొని పొద్దుగూకేదాక వేలాడిండట. అప్పటినుంచి మోకాలు దాటిన నీళ్ళల్లకు దిగలే. రెండు రోజులు దుకాణంల ఆ గొట్టాన్నే తుడుచుకుంట కూసున్నడు. మూడో రోజు గోడ మీద తట్టిండు. "బిడ్డా, నువ్వు గూడ రావాలె. దారాల లెక్క నీకే తెలుసు."

బస్టాండ్ల చూస్తే కాక పక్కన గాలి నింపిన లారీ ట్యూబు.

"గాలి ఎల్లారెడ్డిల కొట్టిచ్చుకుందుము కదా కాకా!"

"ఎల్లారెడ్డి పంపును నేను బాగుచేయలే కదా. ఎట్ల నమ్మాలె?"

అది దర్వాజల పట్టలే. కండక్టరు, ఇద్దరు ప్రయాణికులు కలిసి బస్సు మీదికి ఎక్కిచ్చిండ్రు.

నిజాంసాగర్ ఒడ్డున అన్న పడవ తయారుగ ఉంది. డౌన్‌రిగ్గర్‌ను పడవ అంచుకు కాకనే బిగించిండు, అప్పటిదాక కాళ్ళు నేల మీదనే. ఇగ ఎక్కాల్సి వచ్చినంక ట్యూబు నడుముకు ఏసుకొని, నడి పడవల కూసొని, కండ్లు గట్టిగ మూసుకున్నడు. అన్న ఎర కట్టిన గాలం దారాన్ని గుండుకు పట్టిచ్చి తెడ్డేసిండు. నేను తీగ వదులుకుంట అంకెలు చదివిన.

"ఎర్ర దారం దాటింది. వేడి ఎనభై ఐదు."

"ఊఁ."

"ఆకుపచ్చ దాటింది. డెబ్భై తొమ్మిది."

"చల్లబడ్డది! మంచిగ చెప్తుంది. వేగం ఎంత?"

"సున్నా, కాకా."

కండ్లు తెరవకుండనే చెప్పిండు, "చక్రానికి నాచు చుట్టుకుంది. పైకి గుంజు." గుంజితే నిజంగనే నాచు. దారాలు తెంపే కత్తెర నా దగ్గర ఎప్పుడు ఉంటది, దాంతోని కోసి మళ్ళ దింపిన. ఈసారి ఒకటి పాయింట్ ఎనిమిది అని పడ్డది.

"తిరుగుతుందా?"

"తిరుగుతుంది కాకా."

"నా కండ్లతోని చూడాలె కదా," అని తనకు తానే చెప్పుకున్నడు. మెల్లగ ఒక కన్ను తెరిచిండు, తర్వాత రెండోది. డబ్బా దిక్కు చూసిండు. ఆ ఎన్క తలెత్తిండు. నాలుగు దిక్కుల నీళ్ళే.

"ఓరి నాయనా, ఇన్ని నీళ్ళున్నయా!"

అంతల గాలం కర్ర వంగింది. అన్న తెడ్లు ఇడిచిపెట్టి కర్ర అందుకున్నడు. కాక మాత్రం డబ్బా మీదనే చూపు. "వేగం పడిపోతుంది! ఎవరు ఆపిండ్రు? చేప తర్వాత, ముందు తెడ్డెయ్యి తమ్మీ, నా లెక్క ఖరాబైతది!"

అన్న ఇనలే. పెద్ద వాలుగ, నా చెయ్యంత పొడుగు. పడవల పడంగనే ఎగిరి కాక మీద కొట్టుకుంది. దాని నోట్ల ఉన్న గాలం ముల్లు ట్యూబుకు గుచ్చుకుంది. 'స్స్' అని గాలి పోయే చప్పుడు నాకు ఇనవడ్డది, అన్నకు ఇనవడ్డది. కాకకు ఇనపడలే. ఆయన నా బ్లౌజుల కొలతల చీటీ ఎన్క, మీటరుకెంత వేడి అని రాసుకుంటుండు. నేను, అన్న ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. కాకకు చెప్పకుండనే అన్న మళ్ళ తెడ్లు అందుకున్నడు.

ఆ ఎన్క గంటసేపు తిప్పిచ్చిండు. పడవ అంచు మీద వంగి, తీగ నీళ్ళల్లకు పొయ్యే జాగను చూసుకుంట కూసున్నడు. ఒడ్డుకు దిగినంకనే నడుము మీద చెయ్యి పెట్టి, మెత్తగైన ట్యూబును తడిమి చూసి అడిగిండు, "అరె, గాలెప్పుడు పోయింది?"

"ఇప్పుడే కాకా, దిగుతుంటే," అన్నడు అన్న.

కాక నా దిక్కు చూసిండు. నేను వాలుగ దిక్కు చూసిన.

ఆ సంవత్సరం నుంచి అన్న వలలు ఏ లోతుల కట్టాలో ఆ గొట్టం చూసి కట్టేటోడు. నవ్వినోళ్ళు వచ్చి అడిగి పోయేటోళ్ళు. కాక ఏటా ఎండాకాలం, గొట్టం చూసొస్తనని ఎల్లారెడ్డి బస్సెక్కేటోడు. గొట్టానికి ఏం కాలేదని నాకు తెలుసు, చిన్నమ్మకు తెలుసు.

కాక పోయిన పదకొండో రోజు అన్న వాళ్ళింటికొచ్చి కూసున్నడు. చిన్నమ్మనే అడిగింది, "ఏముండె బిడ్డా ఆ నీళ్ళ మీద? నన్నెన్నడు తోల్కపోలే."

మొన్న ముగ్గురం పోయినం. అన్న తెడ్డేస్తుండు. చిన్నమ్మ పడవ అంచుకు జరిగి కూసొని, గాజుల్లేని చెయ్యి మణికట్టుదాక నీళ్ళల్ల పెట్టింది. ఒడ్డొచ్చేదాక తియ్యలే. వేళ్ళ నడుమనుంచి నీళ్ళు రెండు పాయలై ఎన్కకు పోతుంటే, అటే చూస్తున్నది.