సింహాచలం అత్త మెదడుకు నేను చేసిన వైద్యం

వెయ్యిమందిని చంపితేగాని వైద్యుడు కాడంటారు. ఆ లెక్కన నేను మా సొంత మేనత్తతో బోణీ చేయబోయాను. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ పూట నేను వణికిన వణుకు పగవాడికి కూడా వద్దు.

అరవైల చివరి రోజులు. విశాఖలో మెడిసిన్ మూడో ఏడాది చదువుతున్నాను. మూడో ఏడాదంటే రోగాల పేర్లన్నీ నోటికొచ్చి, ఒక్కదానికీ మందు తెలియని దశ. అంతకుముందు వారమే మెదడు పాఠం అయింది. రక్తం ఆగిపోతే అసలు కణాలు నిమిషాల్లో చచ్చిపోతాయి. వాటికి సాయంగా ఉండే నక్షత్రాల్లాంటి కణాలు ఉబ్బుతాయి. మరికొన్ని చిన్న కణాలు మేలుకుని, చచ్చినవాటిని తినేసి శుభ్రం చేస్తాయి. మాస్టారు బల్లమీద బొమ్మ గీస్తుంటే నాకు చెమటలు పట్టాయి. ఆ బొమ్మను తలలో పెట్టుకుని చీపురుపల్లిలో రైలు దిగి, మా ఊరికి నడిచాను.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది సింహాచలం అత్త. నాకు ముద్ద కలిపి పెట్టిన చెయ్యి ఆవిడదే. మా వైపు పెద్ద ఆడవాళ్లలో చాలామందికిలాగే ఆవిడకీ అడ్డపొగ అలవాటు. అంటే చుట్టను తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. కిందటి సెలవుల్లో నోటి పుండ్ల గురించి బెదిరించి, నా నెత్తిన చెయ్యి పెట్టించి, మానేస్తానని ఒట్టు వేయించుకున్నాను. "ఒట్టు తప్పితే నా బుర్ర పగిలిపోద్ది, జాగర్త!" అని కూడా చెప్పాను. సైన్సు చదువుతున్నవాడు అనాల్సిన మాటేనా అది!

సరే. పెరటి గుమ్మంలోంచి "అత్తా!" అని ఒక్క కేక పెట్టి లోపలికి దూకాను. అటు తిరిగి కూర్చున్న అత్త ఉలిక్కిపడి లేచింది, ఇటు తిరిగింది.

మూతి ఓ పక్కకు తిరిగిపోయి ఉంది. ఆ పక్కనుంచి చొంగ కారుతోంది. కళ్ల నిండా నీళ్లు.

"అత్తా! ఏటైంది?"

"ఊఁ... ఊఁ..."

మాట లేదు. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది. నేను వేళ్లు విప్పబోతే ఇంకా బిగుసుకుంది. ఎడమచెయ్యి మాత్రం నా నెత్తిమీదికొచ్చి, అటూ ఇటూ తడిమింది. చివరిసారి దీవిస్తోందనుకుని బావురుమన్నాను.

ఏడుపు విని సత్యం మావ, అంటే అత్త మొగుడు, పరిగెత్తుకొచ్చాడు.

"ఏటిరా? ఇప్పుడేగదా సక్కగా గెంజి తాగింది!"

"పచ్చవాతం మావా! మెదడుకి రగతం ఆగిపోనాది. బండి కట్టు!"

మావ కంగారుగా ఎద్దులకు కాడి కట్టడానికి మూడుసార్లు ప్రయత్నించాడు, పాపం. బండిలో అత్తను పడుకోబెట్టాను. రక్తం తలకెక్కాలని తల కింద దిండు తీసేశాను. అంతలోనే మెదడు ఉబ్బుతుందని గుర్తొచ్చి దిండు పెట్టాను. మళ్లీ తీశాను. చీపురుపల్లి చేరేలోపు ఆవిడ తల రోకలిలాగా లేస్తూ పడుతూనే ఉంది.

"లోపలేటవుతాదిరా?" అన్నాడు మావ, వెనక్కి చూడకుండా.

"సాయం సేసే కణాలుంటాయి మావా. అయ్యి ఉబ్బుతాయి."

"సాయానికొచ్చి ఉబ్బడవేటి? పెల్లికొచ్చిన తోడల్లుడిలాగ?"

"తరవాత సిన్నవి లేచి, సచ్చినవాటిని తినేస్తాయి."

"ఎవుల్ని? దాన్నే?"

'తినేస్తాయి' అన్న మాటకు అత్త ఘొల్లుమంది. ఏడుస్తూనే మళ్లీ నా తల తడిమింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది పోతూ పోతూ ఆ ఇద్దరి ధైర్యాన్నీ వెంటబెట్టుకుపోయింది. ఈవిడ పోతే నాకెవరున్నారు అన్న ఒక్క భయమే నా ఒళ్లంతా ఉంది. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

చీపురుపల్లిలో ముసలి డాక్టరుగారు అత్తను బల్లమీద కూర్చోబెట్టారు. నేను పాఠం మొత్తం అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"బాగా చదివావు. మరి ఒక్క మాట చెప్పు. పక్షవాతం ఇప్పుడే వస్తే, ఆ చెయ్యి బిగుస్తుందా, వేలాడిపోతుందా?"

"వేలాడి..." అన్నాను. అప్పుడు అత్త పిడికిలి వైపు చూశాను.

ఆయన అత్త వైపు తిరిగి, "పిడికిలి విప్పమ్మా," అన్నారు. అత్త తల అడ్డంగా ఊపింది. "విప్పకపోతే సూది పొడవాలి."

పిడికిలి విచ్చుకుంది. సగం కాలి, తడిసి, నలిగిన చుట్టముక్క బల్లమీద పడింది. తర్వాత నోరూ తెరుచుకుంది. నా కేకకు జడిసి నిప్పుతో సహా నోరు మూసేసి, కాలేసరికి చుట్టను పిడికిట్లోకి లాక్కుందట. బుగ్గలోపల ఇంత బొబ్బ, నాలుక వాచిపోయి ఉంది.

"సింహాచలం!" అన్నాడు మావ. నవ్వాలో తిట్టాలో తెలియక అక్కడే కూలబడ్డాడు.

అత్త నత్తినత్తిగా నోరు విప్పింది. "ఈడి నెత్తిమీద ఒట్టేసి తప్పీసినాను. ఈడి బుర్ర పగిలిపోద్దని నా పేనం పోయింది. ఇందాకట్నుంచి తడువుతన్నాను, ఏ పక్క సీలిందో అని..." అంటూ మళ్లీ నా తల పట్టుకుని వెతికింది.

దారిపొడుగునా నేను ఆవిడ మెదడు గురించి ఏడిస్తే, ఆవిడ నా బుర్ర గురించి ఏడ్చిందన్నమాట. సిగ్గుతో, సంతోషంతో ఆవిడ ఒళ్లో తల పెట్టి ఏడ్చాను.

మావ తువ్వాలుతో మొహం తుడుచుకుని లేచాడు. "ఊరుకోయే. ఈడి బుర్ర పగల్లేదు, పగల్దు. పగలడానికి లోపలేటైనా ఉండొద్దేటి?"

ఆనాడే శపథం పట్టాను. రోగి పిడికిలి విప్పించకుండా ఎవరికీ ఏ రోగమూ అంటగట్టను. ఒట్టు వేయించుకునే పనైతే అస్సలు పెట్టుకోను. ఈ ఒక్క ఒట్టూ నా నెత్తిమీదే వేసుకున్నాను. మావ మాట ఉంది గనక, తప్పినా ప్రమాదమేమీ లేదు.