పిల్లప్ప చెక్కిన అయిదు కల్వాలు

బర్గూరు పక్కన గుట్ట కింద కాపురముండే పిల్లప్పకు ఇరవై ఏళ్ళుగా ఒకటే పని, మందులు నూరే కల్వాలు చెక్కడం. నల్లరాయిని పడవలా తొలిచి, లోపల వేలు పెడితే జారిపోయేంత నున్నగా చేసేవాడు. చెక్కడానికి నాలుగు రోజులు పడితే, ఇసుకా నీళ్ళూ పోసి రుద్దడానికి పది రోజులు పట్టేది. ఆఖరున నానబెట్టిన బియ్యాన్ని అందులో నూరి, ఆ పిండిని నోట్లో వేసుకుని పళ్ళ మధ్య నలిపి చూసేవాడు. ఒక్క రవ్వ కరకరమన్నా కల్వం మళ్ళీ రుద్దుడుకు పోవలసిందే.

"మందుతో పాటు రాయి గూడా మనిషి కడుపులోకి పోతే, ఆ పాపం వైద్యునిది కాదే, నాది" అనేవాడు భార్య పుట్టమ్మతో.

తనకు తృప్తి కలిగిన కల్వానికి అడుగున చిన్న చేప గుర్తు చెక్కేవాడు. అక్షరాలు రాని ఆయనకు అదే సంతకం.

1957లో కృష్ణగిరిలో సుబ్బరాయప్ప అనే వ్యాపారి మందుల కొట్టు తెరిచాడు. అజీర్తికి, కడుపునొప్పికి మూలికల మాత్రలు చేసి అమ్ముతానని చెప్పి పిల్లప్పను అయిదు కల్వాలు అడిగాడు. అంత పెద్ద పని ఎన్నడూ రాలేదు. పిల్లప్ప మూడు నెలలు వంచిన తల ఎత్తకుండా చేసి, ఎద్దుల బండిలో గడ్డి పరిచి, తానే తీసుకుపోయి దించాడు.

"ఆకు రసం పోసి పోసి ఏడు రోజులు నూరల్లయ్యా. దానికి తగినట్ల చేసినాను" అన్నాడు.

"అట్లే నూరుతామప్పా" అన్నాడు సుబ్బరాయప్ప.

ఏడాది తిరిగింది. ఒకనాడు పక్కింటి కెంపమ్మ చేతిలో కాగితం పొట్లంతో వచ్చి పిల్లప్ప ముందు నిలబడింది.

"పిల్లప్పన్నా, నీ రాయి తినినాను నేను" అంది.

"ఏందమ్మా నువ్వు చెప్పేది?"

"కృష్ణగిరి మాత్రలు. నమిలితే కరకరమంటాది. కొట్లో పోయి అడిగితే, 'మా తప్పు లేదమ్మా, బర్గూరు పిల్లప్ప చెక్కిన కల్వాలు, రాయి అరుగుతా ఉండాది' అని చెప్పినారు."

పిల్లప్ప ఒక మాత్ర తీసుకుని కొరికాడు. నిజమే, ఇసుక. ఆయన ముఖం నల్లబడిపోయింది. ఆ పూట అన్నం పళ్ళెం పక్కకు నెట్టేశాడు.

"యాడో ఎవరో అన్న మాటకు ఎందుకింత?" అంది పుట్టమ్మ.

"ఎవరో కాదే. నా పేరు పెట్టి చెప్పినాడు."

మరునాడు పొద్దున్నే ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని కృష్ణగిరి బస్సెక్కాడు. నిజంగానే రాయి అరిగి ఉంటే అక్కడే కూర్చుని, రుద్ది సరిచేసి వద్దామని ఆయన ఆలోచన.

కొట్టు ముందు గదిలో పది పన్నెండు మంది మందుల కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ళ కళ్ళెదుట, ఒక అరుగు మీద, తన అయిదు కల్వాలూ వరసగా ఉన్నాయి. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలు వేశారు. పిల్లప్ప పూలు పక్కకు నెట్టి లోపల చెయ్యి పెట్టాడు. తాను వదిలిన నునుపు ఎలా ఉన్నదో అలాగే ఉంది. మందు వాసన లేదు. ఒకదానిలో సాలీడు గూడు కట్టింది.

వెనక నుంచి దడదడమని చప్పుడు వస్తోంది. పిల్లప్ప అటు నడిచాడు. అక్కడ ఆయిలు ఇంజనుతో తిరిగే పిండి మిషను. హనుమంతప్ప అనే పనివాడు ఎండు వేర్లు, శొంఠి, మిరియాలు అన్నీ కలిపి అందులో పోస్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఆ పొడిని బంకతో పిసికి మాత్రలు చుడుతున్నారు.

"ఎన్ని రోజులు నూరుతారప్పా?" అని అడిగాడు పిల్లప్ప.

"రోజులా? గంటలో మూట అయిపోతాది."

"మిషను రాళ్ళు గరుకు తేలేట్ల గంట్లు ఎప్పుడు కొట్టినారు?"

"నెలకొకతూరి కొడతాం. కొట్టినంక తవుడు ఆడించి పారబోయల్ల. రాతిపొడి అంతా దాంట్లో పోతాది. మా యజమాని తీరిక లేదంటాడు."

పిల్లప్ప ముందు గదిలోకి వచ్చాడు. పరుపు మీద కూర్చున్న సుబ్బరాయప్పను ఈసారి అయ్యా అనలేదు.

"సుబ్బరాయప్పా! మిషనులో ఆడించి, నా రాయి అరిగిందని చెప్పినావా?"

"మెల్లగా మాట్లాడప్పా. జనం ఉండారు."

"జనం ఉండారనే మాట్లాడతా ఉండాను."

సుబ్బరాయప్ప నవ్వు తెచ్చుకున్నాడు. "నీ కల్వాలు చూసే కదప్పా అందరూ నమ్మి వచ్చేది. నీకూ పేరే కదా."

ఆ మాటతో పిల్లప్ప ఒళ్ళు మండిపోయింది. "నా రాళ్ళను నీ అబద్ధానికి వాకిట్లో కాపలా పెట్టి, దాన్ని పేరంటావా? నా కల్వాలు నాకిచ్చేయి."

"కొన్నాను కదా. నావి."

పిల్లప్ప సంచిలోంచి ఉలి తీశాడు. ఒక్కొక్క కల్వాన్నీ బోర్లించి, అడుగునున్న చేప గుర్తును చెక్కి పారేశాడు. అయిదూ అయ్యేదాకా ఎవరూ అడ్డం రాలేదు. చెక్కుతూనే వెనక గదిలో చూసిందంతా అక్కడున్నవాళ్ళకు చెప్పాడు. ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. తక్కినవాళ్ళు కూర్చునే ఉన్నారు.

"వినినారు కదా, ఇంకా కూర్చుంటారే?" అన్నాడు పిల్లప్ప.

"కడుపు నొస్తా ఉందప్పా. యాడికి పోయేది?" అన్నాడు ఒక ముసలాయన.

పిల్లప్ప ఉలి సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

కొట్టు మూతపడలేదు. పిల్లప్పకు పిచ్చిపట్టిందని సుబ్బరాయప్ప చాటించాడు. కల్వాలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. వచ్చిన ఒకరిద్దరినీ ఎన్ని రోజులు నూరతారని గుచ్చి గుచ్చి అడిగి పంపేసేవాడు. మూడేళ్ళు పిల్లప్ప గడప రాళ్ళు కొట్టి బతికాడు. ఆ తరువాత బాగలూరు నుంచి తిమ్మమ్మ వచ్చింది. పసిపిల్లలకు మందిచ్చే ముసలావిడ.

"కల్వం అడిగితే నువ్వు నూరు ప్రశ్నలు అడుగుతావంట. అడుగప్పా" అంది.

"ఎన్ని రోజులు నూరతావమ్మా?"

ఆమె కుడి అరచెయ్యి చాపింది. కాయలు కాసి చెప్పు అట్టలా ఉంది. పిల్లప్ప మరేమీ అడగలేదు. కల్వం చెక్కి బాగలూరుకు మోసుకుపోయాడు. ఏడు రోజులు ఆమె వాకిట్లోనే ఉండి, నూరడం కళ్ళారా చూసి ఇంటికి వచ్చాడు.

"ఇప్పటికైనా కోపం తీరిందా?" అని అడిగింది పుట్టమ్మ.

"యాడ తీరింది? ఆ యమ్మ ఏడు దినాలు చేతులు పడిపోయేట్ల నూరితే ఒక డబ్బా నిండలే. ఆడ కృష్ణగిరిలో గంటకొక మూట. ఊరంతా తినేది ఏ మందే, చెప్పు?"

ఆయన సుత్తి తీసుకుని గుట్టకు పోయాడు.