కొల్లేరుకి కట్టుకున్న సొరబుర్రలు

పందొమ్మిదివందల ముప్పైలలో ఒక వేసవిలో, కొల్లేటి లంకలో ఉన్న మా అమ్మాయినీ మనవణ్ణీ చూడడానికి తాడేపల్లిగూడెం నుంచి బయల్దేరాం. పడవ ఎక్కుతామని నాకు సంబరం, ఈతరాని మావారికి వణుకు. ఏలూరులో ఎడ్లబండెక్కే ముందే, ఈత నేర్చుకునే పిల్లల్లా నడుముకి రెండు ఎండు సొరబుర్రలు కట్టుకుని, పైన ఉత్తరీయం కప్పుకున్నారు.

దారి పొడుగునా పచ్చికే. గేదెలు మేస్తున్నాయి.

"కొల్లేరు ఇంకెంత దూరమయ్యా?" అన్నారు మావారు, ఉండబట్టలేక.

"గంట నించీ అందులోనే ఉన్నామండీ. వేసవిలో ఎండిపోద్దండి. పడవలుండవు, బళ్ళేనండి," అన్నాడు బండివాడు.

నాకు నవ్వాగలేదు. మావారు చిన్నబోయి బుర్రల ముడి విప్పబోయారు.

బండివాడు వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా అన్నాడు: "ఉంచుకోండి బాబుగారూ, ముందు మోకాల్లోతు గుంటొకటుందండి."

మావారు మళ్ళీ ముడి బిగించుకున్నారు.