గోరు తీసిన టీచరమ్మ

మా సైన్సు టీచరమ్మ చనిపోయారని నాకు చెప్పింది మా అత్తగారు. బజారులో విని వచ్చి, గుమ్మం ముందు కాళ్ళు కడుక్కుంటూ అన్నది: "మీ టీచరు పోయిందంట. నిద్దట్లోనే. ఇంక మనింటికొచ్చి అరిచేవాళ్ళు లేరు."

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. మా ఆడపడుచు పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఆ పిల్ల చేతిలో ఉల్లిపాయ అలాగే ఆగిపోయింది. ఆ ఇంట్లో నేను మాట్లాడటం ఎప్పుడూ తక్కువే.

మర్నాడు సమాధుల తోటకి వెళ్ళే దారిలో ఫ్లెక్సీ కట్టారు. 'ఆడపిల్లల చదువుల తల్లి' అని రాయించారు. ఆవిడ ఫోటో కింద చేతులు జోడించిన మగవాళ్ళ ఫోటోలు. అందరికంటే పెద్ద ఫోటో విత్తనాల పత్తి వేసే ఆసామిది. ఆవిడని ఈ ఊరి నుంచి బదిలీ చేయించాలని ఒంగోలు దాకా తిరిగిన మనిషి ఆయనే. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే అందరికంటే ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ మంచిదని ఇప్పుడు అందరూ అంటున్నారు. వీళ్ళే ఆవిడని తిట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు విత్తనాల పత్తి సంగతి చెప్పాలి. అది దూది కోసం కాదు, విత్తనం కోసం వేసే పత్తి. మర్నాడు విచ్చబోయే మొగ్గను సాయంత్రమే గుర్తుపట్టి, రేకులూ పుప్పొడి తిత్తులూ బొటనవేలి గోరుతో వలిచేయాలి. మధ్యలో ఉన్న కాడకి గోరు తగలకూడదు. పొద్దున్నే వేరే సాళ్ళలోని మగపూలు తెచ్చి ఆ కాడకి పుప్పొడి రాయాలి. దీన్ని మేము క్రాసింగ్ అంటాం. వేళ్ళు సన్నగా ఉంటాయని ఆడపిల్లల్నే పెట్టుకుంటారు. సీజను మొదట్లో ఆసామి మా వీధిలోకి వచ్చి, పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతులు చాపమంటాడు. కుడి బొటనవేలి గోరు పెరిగి ఉంటే పని ఉన్నట్టు. అందుకే వానలు మొదలైన దగ్గర నుంచి మా అమ్మలు ఆ ఒక్క గోరు తీయనిచ్చేవాళ్ళు కాదు.

ఏడో తరగతిలో టీచరమ్మ పువ్వు పాఠం చెబుతూ నా చెయ్యి పట్టుకుని ఆ గోరు చూశారు. కూలికి పోతానని తెలిసిపోయిందని నాకు సిగ్గేసింది.

"ఏమే, రోజూ సాయంత్రం పువ్వుకి ఆపరేషన్ చేస్తన్నావా? మరి పాఠం చెబుతుంటే తెలియనట్టు కూర్చున్నావేం?" అన్నారు. తర్వాత క్లాసు మొత్తానికి చెప్పారు. "ఎందుకో తెలియకుండా చేస్తే అది కూలి. ఎందుకో అడిగి చేస్తే సైన్సు. పని ఒకటే."

ఆవిడ నెమ్మదైన మనిషి కాదు. నవ్వుతూ పాఠం చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. మజ్జిగన్నంలోకి పచ్చిమిరపకాయ కొరుక్కుని, ఆ మంటతోనే మధ్యాహ్నం క్లాసుకి వచ్చేవారు. మనం ఏదైనా అడిగితే చచ్చినా జవాబు చెప్పేవారు కాదు. పుప్పొడి రాయకపోతే ఏమవుతుందండీ అని ఒకసారి అడిగాను. "నన్నడుగుతావేం? ఒక మొగ్గ వదిలేసి చూడు," అన్నారు.

చేలో ఒక మొగ్గకి పుప్పొడి రాయకుండా, గుర్తుకి తెల్లదారం కట్టాను. కొన్నాళ్ళకి చుట్టూ ఉన్నవన్నీ కాయలు కట్టాయి. అది పసుపుపచ్చగా వాడి, ముట్టుకుంటే రాలిపోయింది. దాన్ని దారంతో సహా తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. చాలాసేపు చూశారు.

"నేను చెప్పలేదు. నువ్వే తెలుసుకున్నావు," అన్నారు. ఆ వెంటనే తాళాలగుత్తికి ఉన్న నెయిల్ కట్టరు తీసి, నా బొటనవేలి గోరు టక్కున తీసేశారు. "ఇంక నువ్వు చేలోకి పనికిరావు. బడికే పనికొస్తావు."

మర్నాడు మా అమ్మ బడి మీదికి వచ్చింది.

"నా కూతురి గోరు కొయ్యటానికి నువ్వెవరమ్మా? సీజనంతా దీన్నెవరు పెట్టుకుంటారు? నువ్వు పెడతావా కూడు?"

"గోరు మళ్ళీ పెరుగుద్దమ్మా. ఏడో తరగతి మళ్ళీ రాదు."

"పెళ్ళీ పెటాకులూ లేనిదానికి పిల్లల ఆకలేం తెలుసు!"

టీచరమ్మ చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకున్నారు. అమ్మ వెనకే ఆసామి వచ్చాడు. "ఆడపిల్లలందరూ సైంటిస్టులైతే నా చేలో క్రాసింగ్ ఎవరు చేస్తారు టీచరమ్మా, నువ్వు చేస్తావా?" అన్నాడు.

"మీ అబ్బాయి ఖాళీగా తిరుగుతున్నాడుగా. గోరు పెంచమనండి."

పిల్లలందరూ నవ్వారు. ఆయన ఒంగోలు తిరగడం ఆ నవ్వుతోనే మొదలైంది.

ఆ పోట్లాటలో ఆవిడ గెలవలేదు. బదిలీ అయితే ఆగింది గానీ, నా బడి ఆగిపోయింది. గోరు లేదని చేలోకి పిలవలేదు. మళ్ళీ గోరు కోస్తుందని అమ్మ బడికీ పంపలేదు. 'ఈ ఒక్క సీజనే' అన్నది. మిరప కోతలొచ్చాక కల్లంలో కూర్చోబెట్టి, రంగుపోయిన తాలుకాయలు ఏరమన్నారు. చేతులు మండి రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. పత్తిపువ్వు మండదు కదా, గోరు ఉంటే ఈ బాధ ఉండేది కాదని ఆవిడనే తిట్టుకునేదాన్ని. ఒకరోజు గొడుగేసుకుని కల్లం పక్కన వెళుతూ ఆగారు. "మంటెందుకు పుడుతుందో అడగవేం?" అన్నారు. నేను మొహం తిప్పుకున్నాను. ఆవిడ కాసేపు ఎండలోనే నిలబడి వెళ్ళిపోయారు.

కొన్నేళ్ళకి పెళ్ళి చేసి నన్నిచ్చింది పక్క వీధికే. మా ఆడపడుచుకి పదో తరగతి దాకా లెక్కలూ సైన్సూ చెప్పింది ఆవిడే. వినుకొండలో బైపీసీలో చేర్పించిందీ ఆవిడే. దసరా సెలవులకి ఇంటికొచ్చిన పిల్లని మా అత్తగారు మళ్ళీ పంపలేదు. గోరు పెంచమన్నది. చనిపోవడానికి వారం ముందు టీచరమ్మ ఆయాసపడుతూ మా గుమ్మంలోకి వచ్చింది అందుకే.

"పిల్లని కాలేజీకి పంపటల్లేదేం?"

"ఈ ఒక్క సీజనేలే టీచరమ్మా," అన్నది అత్తగారు.

"దీనికీ ఇట్టాగే చెప్పారు." గొడుగు మొన నా వైపు చూపించారు.

"దానికేం తక్కువైంది? నోట్లో నాలుక లేకుండా కాపరం చేసుకుంటంది."

టీచరమ్మ నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పవే. నీకు తెలుసుగా."

నేను నేల చూశాను. మా అత్తగారు నవ్వింది. "మా కోడలు మాట్లాడదు. నువ్వు ఇంక గుమ్మం దిగు. పిల్లలు లేరని ఊళ్ళో పిల్లలందర్నీ నీ పిల్లలనుకుంటే ఎట్టా?"

ఆవిడ గోడ పట్టుకుని మెట్లు దిగారు. బతికుండగా ఆవిడని నేను చివరిసారి చూసింది ఆ వీపునే.

సమాధుల తోట నుంచి వచ్చిన మర్నాడు పొద్దున, ఆసామి పిల్లల చేతులు చూడటానికి వస్తున్నాడని వీధిలో కేక వినపడింది. మా ఆడపడుచు నా పక్కన నిలబడి, "వదినా," అన్నది. పెరిగిన బొటనవేలి గోరుని మిగతా వేళ్ళ కింద దాచుకుంటోంది.

నా భర్త ఆటో తాళాలగుత్తికి నెయిల్ కట్టరు ఉంటుంది. "తాళాలు ఒకసారి ఇవ్వండి," అన్నాను. ఎందుకని అడగకుండా ఇచ్చాడు. గుమ్మంలోనే ఆ పిల్లని కూర్చోబెట్టి గోరు తీసేశాను.

"ఏందే అది! శుక్రవారం పూట, గుమ్మంలో గోళ్ళేంటి!" అంటూ అత్తగారు చీపురు పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. తీసింది ఏ గోరో చూశాక అక్కడే ఆగిపోయింది.

"ఈ ఒక్క సీజను గోరు లేకుండా ఉండనీ అత్తయ్యా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆసామి అప్పటికే మెట్ల దగ్గరికి వచ్చాడు. పిల్ల చెయ్యి చూసి, "ఎవరు తీశారమ్మాయ్?" అన్నాడు.

"నేనేనండి. ఫ్లెక్సీ మీద మీరు రాయించారుగా. చదివాను."

ఆయన మా అత్తగారి వంక చూశాడు. ఆమె చీపురు కింద పడేసి, "ఆడోళ్ళ నోళ్ళు లేచినయ్. నువ్వు పో బాబూ," అన్నది. అది నా మీద కోపమో, ఆయన మీద కోపమో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆడపడుచు పుస్తకాల సంచి దించి దుమ్ము దులిపింది. నా భర్త ఆటో తిప్పి గుమ్మం ముందు పెట్టాడు. వినుకొండ బస్సు అందాలంటే రోడ్డు మీదికి వెళ్ళాలి.

ఆటో కదిలాక నేను మెట్టు మీద కూర్చున్నాను. తెల్లటి గోరుముక్క దుమ్ములో పడి ఉంది. కోడిపెట్ట ఒకటి నూకగింజ అనుకుని ఉరుక్కుంటూ వచ్చింది. ముక్కుతో పొడిచింది, తల వంచి చూసింది, మళ్ళీ పొడిచింది. తినేది కాదని తెలిశాక కూడా దాని చుట్టూ తిరుగుతూనే ఉంది.