దొరవారి వట్టివేళ్ల తడక

ఎర్రయ్య పుట్టుకతో డ్రైవరు కాదు. మోతె దగ్గరి ఓ దొరకు కచ్చురం బండి తోలేవాడు. దొర పట్నం నుంచి పాత మోటారు కొనుక్కొచ్చిన రోజున, "రెండెడ్లను మలిపెటోనివి, గీ ఒక్క చక్రం మలపలేవా" అన్నాడు. డ్రైవరు ఎంపిక అంతటితో ముగిసింది.

స్టీరింగు చేతికొచ్చాక ఎర్రయ్య నడకే మారిపోయింది. నడివేసవిలో కూడా ఖాకీ కోటు విప్పేవాడు కాదు. అన్నం తినేటప్పుడు కూడా హారన్ గురించే మాట. "మోటరునే పెండ్లి చేసుకోకపోయినవ్" అనేది భార్య సైదమ్మ. ఆ మాటలో అతనికి తప్పేమీ కనిపించేది కాదు. పుట్టిన నాటి నుంచి 'ఒరేయ్' అనిపించుకున్న మనిషిని ఇప్పుడు సూర్యాపేట అంగట్లో 'డ్రైవర్ సాబ్' అంటున్నారు. ఆ పిలుపు కోసం అతను ఏదైనా భరిస్తాడు, ముఖ్యంగా దొరను.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి వేసవి. గొడవల్లో పట్నంలో దాక్కున్న దొర, అంతా సద్దుమణిగాక పరమవీరుడిలా ఊళ్లోకి దిగాడు. ఆ రాకడలోనే మోటారు ఫ్యాను రెక్క విరిగింది. సూర్యాపేట మేస్త్రి దాన్ని అతికి బిగించాడు. అదే రోజు దొర బుర్రలోనూ ఓ ఆలోచన బిగుసుకుంది. తానుండే గడి కిటికీలకు కట్టే వట్టివేళ్ల తడకను తడిపి మోటారు ముక్కుకు కడితే లోపలికి చల్లగాలి వీస్తుంది కదా. కట్టించాడు. "పట్నంల నవాబులకు సుత గీ తెలివి రాలే" అని మురిసిపోయాడు. నిజమే, రాలేదు.

కోదాడకు బయలుదేరితే మునగాల చేరకముందే రేడియేటరు కుతకుత ఉడికి ఆవిరి చిమ్మింది. దొర గొడుగు కింద నిలబడి తీర్పు చెప్పాడు.

"మేస్త్రి దొంగ. నువ్వు దద్దమ్మవు. ఎల్లుండి మిర్యాలగూడల కొత్త తాసీల్దారును కలవాలె. నడుమల ఆగిందో, ఇగ నువ్వు స్టీరింగు ముట్టవు."

మరునాడు పొద్దున్నే ఎర్రయ్య బానెట్ ఎత్తాడు. ఫ్యాను బెల్టు బిగువుగానే ఉంది. నీళ్లు ఎక్కడా కారడం లేదు. తడకను విప్పి తొట్టిలో నానేసి, ఇంజను నడిపి, రేడియేటరు జాలీ ముందు తువ్వాల పెట్టి చూశాడు. ఫ్యాను గాలి లాగిన లాగుడుకు తువ్వాల జాలీకి అతుక్కుపోయింది. తడక కట్టి దాని మీద పెట్టాడు. తువ్వాల జారి కింద పడింది; తడి తడక గాలినే ఆపేస్తోంది. మేస్త్రి నిర్దోషి అని తేలింది. దద్దమ్మ ఎవరో కూడా తేలింది, కాని ఆ సంగతి దొరకు చెప్పేదెవరు?

చెబితే కొలువు ఇక్కడే పోతుంది. చెప్పకపోతే మిర్యాలగూడ దారిలో పోతుంది. రోజంతా మథనపడి, సాయంత్రం దొర ముందు చేతులు కట్టుకున్నాడు.

"బాంచెన్ దొరా, మీ తడక సల్లదనాన్ని గా ఇంజను తట్టుకోలేకపోతున్నది. గంత మంచి గాలి మిషినికి దేనికి? దొరకు తగలాలె గని. మీ పక్క కిటికీకి కడత."

దొర మీసం దువ్వాడు. "నేను గదే అనుకున్న" అన్నాడు.

మిర్యాలగూడ దాకా రేడియేటరు చుక్క ఆవిరి చిమ్మలేదు. తాసీల్దారు కచ్చేరి ముందు దొర నలుగురిని పోగేసి, మేస్త్రికే అంతుపట్టని జబ్బును తాను కూర్చున్న చోటు నుంచే ఎలా కనిపెట్టాడో వర్ణించాడు. వెనక నిలబడి ఎర్రయ్య తలూపాడు. కొలువు నిలిచిందని కడుపునిండా సంతోషపడ్డాడు.

చెప్పిన కొద్దీ దొరకు తన మాట మీద నమ్మకం ముదిరింది. తిరుగు ప్రయాణంలో నేరుగా వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"జబ్బు తెలిసినోనికి తోలుడు ఒక లెక్కనా? నువ్వు ఎన్కకు పో. తడక ఆరకుండ నీళ్లు సల్లు."

ఎర్రయ్య నీళ్ల కుండ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. ముందు దొర గేరు మార్చబోయి కిర్రుమనిపించాడు. ఎర్రయ్య ఎడమ చేయి తనంతట తానే లేచి, గాలిలో గేరు కోసం వెతికి, మళ్లీ కుండ మీద పడింది.