కయాక్‌లో నా మరణ వాంగ్మూలం

నేను సముద్రంలో చనిపోయిన రోజు గురించి మీకు చెప్పాలి. చనిపోయినవాడు ఇంత తీరిగ్గా కూర్చుని ఎలా రాస్తున్నాడని అడక్కండి. ఆ రోజు పోయింది ప్రాణం కాదు, పరువు. ప్రాణమైతే ఒక్కసారే పోతుంది. నా పరువు మాత్రం ఆ పూట విడతలు విడతలుగా, రెండు భాషల్లో, నాకు బాగా కావలసినవాళ్ళ చెవుల్లో పడుతూ పోయింది.

తొంభైల చివర్లో మాట. హైటెక్ సిటీలో గుండ్రటి అద్దాల మేడ కొత్తగా లేచింది. దాని చుట్టూ బండలు, బండల మధ్య మేకలు, మేకల వెనక గొల్లాయన. అంతకుమించి ఏమీ లేదు. నాలుగో అంతస్తులో మా చిన్న కంపెనీ. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకు మతిపోతుందని లోకమంతా భయపడుతున్న కాలం అది. ఆ భయం మీదే మా బతుకు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి చివరి రెండు అంకెలే ఉండేవి; వాటిని తెరిచి తేదీలు దిద్దడం మా పని. మధ్యాహ్నం పూట కిటికీలోంచి చూస్తే ఎండలో ఆ బండలు మెల్లగా కదిలే అలల్లా కనిపించేవి. నేను గంటలకొద్దీ వాటిని చూస్తూ ఉండిపోయేవాణ్ణి. నా ప్రోగ్రాముల్లో అన్ని తప్పులు ఎందుకుండేవో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ కిటికీ పక్కన శారద కూర్చునేది.

శారద టెస్టింగ్ చేసేది, అంటే మేం రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. కూకట్‌పల్లిలో ఇల్లు, వాళ్ళ నాన్న బాలానగర్‌లో ఫ్యాక్టరీ మనిషి. మాటకు ముందు ఒక చిన్న నవ్వు నవ్వేది. ఆ నవ్వు నా తప్పు దొరికినందుకో, నన్ను చూసినందుకో తేల్చుకోలేక నేను చిక్కిపోతుండేవాణ్ణి.

ఆ రోజుల్లో న్యూజిలాండ్ నుంచి క్లయింట్ మనిషి ఒకాయన వచ్చాడు. పేరు గ్రాహం. తాటిచెట్టంత పొడుగు. ఒకరోజు భోజనాల దగ్గర ఫొటోలు తీసి చూపించాడు. నడిసముద్రం, అందులో చిక్కుడుకాయలాంటి సన్నటి పడవ, దాంట్లో కాళ్ళు బారజాపుకుని గ్రాహం, ఒళ్ళో పెద్ద చేప. ఆ పడవను కయాక్ అంటారట. గాలి ఊదుకునే రబ్బరు కయాకులు రెండు సామాన్లలో వెంట తెచ్చుకున్నాడట కూడా.

"ఇక్కడ సముద్రంలో చేపలు పట్టేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

నాది అనంతపురం జిల్లా. మా ఊళ్ళో వాన పడితే జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి చూస్తారు. సముద్రాన్ని నేను క్యాలెండర్లో తప్ప చూసి ఎరగను. కానీ శారద తలెత్తి చూసింది. అంతే, నా నోరు నాతో సంప్రదించకుండానే తెరుచుకుంది.

"నేనున్నాను కదండీ. మా అమ్మమ్మగారిది సముద్రపొడ్డే. నేను అలల్లోనే పెరిగానండి" అన్నాను. గ్రాహంకు ఇంగ్లీషులో, శారదకు తెలుగులో. ఆ తెలుగులోని 'అండి'లు కూడా కోస్తావాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నవే.

శారద చిన్నగా నవ్వింది. "అలాగా! మీవైపు సముద్రంలో ఎక్కువగా ఏ చేప పడుతుందండీ?"

నాకు తెలిసిన చేప పేరు ఒక్కటే. "కొర్రమీను!"

కొర్రమీను చెరువు చేప అనీ, సముద్రం దాని ఛాయలకు కూడా రాదనీ తెలుగునాట నాకు తప్ప అందరికీ తెలుసని తర్వాత తెలిసింది. శారద మాత్రం ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. "మా బాబాయివాళ్ళ ఊరు కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి దగ్గరండి. వచ్చే వారం నేను వెళ్తున్నాను. మీరందరూ రండి. మీకైతే సొంతూరికి వచ్చినట్టుంటుంది" అంది.

నా పక్క సీటు యాదగిరిది. గోపన్‌పల్లి మనిషి, నాకు ప్రాణస్నేహితుడు. సాయంత్రం నన్ను మెట్ల దగ్గర ఆపాడు. "అన్నా, నాకు ఈత రాదు. జర సోంచాయించి చెప్పు, నేన్ గూడ రావాల్నా?"

"నేనుండగా నీకేం ఫికరు?" అన్నాను. ఆ అబద్ధం నా నోట్లో ఎంత తియ్యగా ఉందంటే, నేనే నమ్మేశాను.

శనివారం పొద్దున కారులో బయల్దేరి, సాయంత్రానికి రోడ్డు ఆగిపోయే చోటికి చేరాం. అక్కణ్ణుంచి ఇసుక, సరుగుడు తోపులు, ఉప్పుగాలి. శారద ముందురోజే వచ్చి ఉంది. ఆమె బాబాయి నాంచారయ్యగారి ఇంటి అరుగంతా వలలే. దూలానికి తెడ్లు, గోడకు బుట్టలు. వాళ్ళది తరతరాలుగా సముద్రం మీద బతికే కుటుంబం. శారద తాతగారు ఆ ఊళ్ళో పేరున్న వలకాడట.

నిజం చెప్పేయడానికి అదే మంచి సమయం. చెప్పానా? లేదు.

"అమ్మాయి చెప్పింది, తమరూ మావాళ్ళేనంటగా" అన్నారు నాంచారయ్యగారు, చేతిలో వల బాగు చేసుకుంటూనే. "రేపు పొద్దున ఆటు మీదుంటది. ఆటంటే తమకు నేను చెప్పక్కర్లేదనుకోండి."

ఆటంటే సముద్రం వెనక్కి తగ్గడం అని నాకు తెలియదు. ఏదో ఆట అనుకున్నాను. "మాకు చిన్నప్పట్నుంచీ ఆటలే కదండీ!" అన్నాను హుషారుగా. ఆయన సూది ఆపి నన్నొకసారి చూసి, మళ్ళీ వల కుట్టుకున్నారు.

తెల్లారేసరికి పొగమంచు. ఎక్కడ నేల అయిపోయిందో, ఎక్కడ నీళ్ళు మొదలయ్యాయో తెలియడంలేదు. గ్రాహం ఒక కయాక్‌లో, నేనూ యాదగిరీ ఇంకోదాంట్లో. శారద గట్టున నిలబడి, "జాగ్రత్తండీ" అంది. ఆ 'అండి' నాకొక్కడికేనని నేను ఖాయం చేసుకుని తెడ్డు వేశాను.

ఆ మొదటి అరగంట గురించి మాత్రం నేను నవ్వుతూ చెప్పలేను. అంత మెత్తటి లోకాన్ని మళ్ళీ చూడలేదు. అలలు లేవు. నీళ్ళు పాలమీగడలా ఉన్నాయి. తెడ్డు ముంచితే చప్పుడు రాలేదు, చిన్న సుడి లేచి కరిగిపోయింది. తెల్ల కొంగ ఒకటి మంచులోంచి పుట్టి, మా తలల మీదుగా పోయి, మంచులోనే కలిసిపోయింది. ఆకాశం కిందికి దిగిందో, మేమే పైకి లేచామో అనిపించింది. ముందు కూర్చున్న యాదగిరి మంకీక్యాపు కూడా నాకు ఏదో దూరదేశపు గోపురంలా కనిపించింది. ఆ మత్తులో నేను శారదకు ఇల్లు కూడా కట్టేశాను. రెండు గదులు, ఒక వరండా, సముద్రం వైపు కిటికీ.

"అన్నా, గాలం ఎయ్యవా?" అన్నాడు యాదగిరి.

గాలానికి రొయ్యను గుచ్చి గట్టిగా విసిరాను. అది గాల్లో అందంగా తిరిగి, యాదగిరి మంకీక్యాపుకు తగులుకుంది.

"ఏందే? చేపలు నీళ్ళల్ల ఉంటయ్, నా నెత్తిల గాదు!"

రెండోసారి నీళ్ళలోనే పడింది. పడిన కాసేపటికి తీగ బిగిసింది. లాగాను. రాలేదు. ఇంకా లాగాను. పడవే అటు తిరిగింది.

"పెద్దది! చాలా పెద్దది!" అని అరిచాను.

"ఎంత పెద్దది?"

"మనల్ని లాగుతోంది చూడు!"

ఇద్దరం గాలం కర్ర పట్టుకుని వేలాడాం. ఆ మహామత్స్యం ఒక్క అంగుళం ఇటు రాలేదు, ఒక్క అంగుళం అటు పోలేదు. అంత పట్టుదలగల చేపను గ్రాహం కూడా చూసి ఉండడని మురిసిపోయాను. దాదాపు గంట పోరాడాక తీగ ఫట్టున తెగింది. వెల్లకిలా పడ్డాం. లేచి చూసేసరికి తెడ్డు లేదు. మా పెనుగులాటలో ఎప్పుడో నీళ్ళలో జారి, మంచులోకి వెళ్ళిపోయింది.

అప్పుడు చుట్టూ చూశాను. ఒడ్డు లేదు. గ్రాహం లేడు. ఏ వైపు చూసినా ఒకటే తెలుపు.

"అన్నా, ఒడ్డెటు?"

"అదీ... ఒడ్డు..."

"నీకు తెల్వదా?"

నాకు తెలియదు. ఇందాక ఇల్లు కట్టించిన ఆ తెలుపే ఇప్పుడు నా మీద కప్పిన గుడ్డలా ఉంది. నీళ్ళు నల్లగా, అడుగు కనిపించకుండా ఉన్నాయి. పాతాళం అక్కణ్ణుంచే మొదలవుతుందనిపించింది. భయంతో నా అరువు 'అండి'లు ఊడిపోయి, అనంతపురం బయటికొచ్చింది.

"యాదగిరీ, నన్ను క్షమించప్పా. నేను నిన్నటిదాకా సముద్రమే సూళ్ళేదు! అమ్మమ్మది యాడో కాదు, మా ఊరి పక్కన పల్లే. బావిలో కూడా నీళ్ళుండవు!"

"అయ్యో! గట్లైతే నన్నెందుకు తోల్కొస్తివే? మా అవ్వకు ఎవలు జెప్పాలె?" అని యాదగిరి నెత్తి పట్టుకున్నాడు. కాసేపు ఏడుపు మింగుకుని, "ఎట్లయినా సస్తున్నం గనక నేన్ గూడ జెప్తున్న. ఆఫీసుల నువ్వు కూసునే ఊగే కుర్చీ అసల్ నాదే. నువ్వు లేనప్పుడు నీ మంచి కుర్చీతోని మార్చిన" అన్నాడు.

క్షమించాను. చావు ముందు కుర్చీలెందుకు? కానీ నా గుండె ఇంకా ఖాళీ కాలేదు. మంచులోకి తిరిగి ఇంగ్లీషులో గొంతు చించుకుని అరిచాను. "గ్రాహం! ఎక్కడున్నావో! ఆ వయసు లెక్కగట్టే ప్రోగ్రాం ఉంది చూడు, పరీక్షలన్నీ అయ్యాయని రిపోర్టులో రాశాను! ఒక్కటీ కాలేదు! నేనే శారద దగ్గరికి పంపకుండా దాచాను!"

ఇక మిగిలింది ఒక్కటే.

"శారదా!" అన్నాను ఆకాశంలోకి చూస్తూ. "నువ్వంటే నాకు పానం! నువ్వు నవ్వితే నాకు పనంతా మర్చిపోతాది! నీకోసమే ఈ అబద్ధాలన్నీ ఆడితి! ఇంగ సచ్చిపోతాండా శారదా!"

అలా ఎన్నిసార్లు పిలిచానో నాకు గుర్తులేదు. యాదగిరి మధ్యలో నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"అన్నా... అటు సూడు."

మంచులో ఒక మనిషి. పడవ లేదు. నీళ్ళ మీద నడుచుకుంటూ మా వైపే వస్తున్నాడు. భుజాన పొడుగాటి కర్ర, దానికి వేలాడే బుట్ట, తలకు తుండు. అడుగుల చప్పుడు కూడా వినబడడంలేదు. యాదగిరి రెండు చేతులూ జోడించాడు. నేను కళ్ళు మూసుకున్నాను. మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళని చూస్తూ పోవడం నావల్ల కాదు.

ఆ ఆకారం మా పక్కకొచ్చి ఆగింది.

"లేచి నిలబడండి బాబూ" అంది. "మోకాళ్ళ లోతే."

కళ్ళు తెరిచాను. నాంచారయ్యగారు. పీతల బుట్టతో, పంచె ఎగగట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. మేము చేపతో పోట్లాడుతున్నంతసేపూ సముద్రం తన దారిన తను వెనక్కి తగ్గిపోయిందట. ఆటంటే అదేనట. నీళ్ళలో బురద కలిసి ఉండడంతో అడుగు కనిపించలేదు. అక్కడికి కాస్త దూరంలో నీళ్ళలోంచి ఒక రాట పైకి లేచి ఉంది. దానికి నా గాలం వేలాడుతోంది.

"అది నా వల కట్టే రాటండీ" అన్నారాయన. "గంటసేపటి నుంచి ఊపుతున్నారు. వల కోసం వచ్చిన దొంగలేమోనని చూద్దామని వచ్చాను."

"అయితే... నేను అరిచిందంతా..."

"నా చెవులు బానే ఉన్నాయి బాబూ."

కయాక్‌కు తాడు కట్టి ఆయన లాక్కుంటూ నడిచారు. నేను వెనకాల తల దించుకుని నడిచాను. యాదగిరి మాత్రం దిగనన్నాడు. మోకాళ్ళ లోతంటే వాడు నమ్మలేదు. పెళ్ళికొడుకులా పడవలోనే కూర్చుని వచ్చాడు. పెద్ద దూరమేమీ లేదు. మంచు తెర దాటగానే ఒడ్డు, ఒడ్డున గ్రాహం నాలుగు చేపలతో, పక్కన శారద.

గ్రాహం నన్ను చూడగానే, "ఆ వయసు ప్రోగ్రాం సోమవారం పొద్దున్నే పరీక్షిద్దాం" అన్నాడు ఎంతో మర్యాదగా. "ఇంగ్లీషు వరకు నాకు అర్థమైంది. మిగతా సగం తెలుగులో ఉంది. శారదను అడిగితే చెప్పడంలేదు."

శారద చెవులు కెంపుల్లా ఉన్నాయి. తల పక్కకి తిప్పుకుని చేపల వైపే చూస్తోంది.

నాంచారయ్యగారు బుట్ట దించి, నా ముందుకొచ్చి నిలబడ్డారు. నేను దెబ్బకు సిద్ధపడ్డాను. ఆయన నెమ్మదిగా అన్నారు: "తమరు సముద్రపోళ్ళు కాదని నిన్న ఆటలన్నప్పుడే తెలిసింది. అది పెద్ద తప్పు కాదు. కానీ ప్రాణభయంతో నీళ్ళల్లో అరిచిన మాట మా ఇళ్ళల్లో చెల్లదు బాబూ. మా పిల్లకి చెప్పేదేదన్నా ఉంటే గట్టి నేల మీద నిలబడి, బుద్ధిగా చెప్పండి."

గట్టి నేల మీదే నిలబడ్డాను. నోరు తెరిచాను. అంతసేపు సముద్రమంతా మోగించిన ఆ నోట్లోంచి ఒక్క అక్షరం రాలేదు.

"తొందరేం లేదండీ" అంది శారద, చేపల వైపు చూస్తూనే. "ముందు మీ ప్రోగ్రాం చూస్తాను."

సోమవారం చూసింది. నా ప్రోగ్రాం గ్రాహం పుట్టిన తేదీ తీసుకుని, ఆయన ఇంకా పుట్టలేదని తేల్చింది. ఉద్యోగం పోతుందనుకున్నాను. అయితే, ప్రాణం పోతుందనుకున్న క్షణంలో తన ప్రోగ్రాం గుర్తుచేసుకున్న మనిషిని తీసేయడం కష్టమని గ్రాహం మా పైవాళ్ళకు చెప్పాడట. మూడు రోజులు నేనూ శారదా పక్కపక్కన కూర్చుని దాన్ని సరిచేశాం. మూడో రోజు సాయంత్రం నేను లేచి నిలబడి, అనంతపురం మాటలోనే, చెప్పాల్సింది చెప్పాను.

ఆమె విని, ఎప్పటిలా చిన్నగా నవ్వింది. "ఆర్నెల్లు పరీక్షించాక చెప్తానండి."

పదకొండు నెలలు పరీక్షించింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ పరీక్ష ముగిసినట్టు నాకు రాతపూర్వకంగా ఇవ్వలేదు.

కాబట్టి యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా: ఇకమీదట ఏ సముద్రంలోనైనా, ఎంతటి పొగమంచులోనైనా, నా ఆయువు తీరిపోయిందని నాకు ఎంత గట్టిగా అనిపించినా, ముందు కాలు కింద పెట్టి చూస్తాను. నేల తగలకపోతేనే నిజాలు చెబుతాను.